మోల్సైమ్ బండి గాన్లు

1924 ఆగస్టు 3, ఆదివారం. ఫ్రాన్సులో లియోన్ నగరానికి దక్షిణాన, జివోర్ ఊరి పక్కన రోడ్డు పొడవునా జనం. ఆ రోజు ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీ. ఒక్క చుట్టు 23 కిలోమీటర్లు, అలాంటి చుట్లు 35. మొత్తం 810 కిలోమీటర్లు. నంద్యాల నుంచి హైదరాబాదుకు పోయి, వెనక్కి వచ్చి, మళ్లీ సగం దారికి పైగా పోయినంత దూరం. అది కూడా పైకప్పు లేని కారులో, దుమ్మూ కంకరా మొహానికి కొడుతుంటే! డ్రైవరు పక్కనే మెకానిక్ ఒకడు ఇరుక్కుని కూర్చునేవాడు. దారిలో ఏది ఊడినా బిగించుకోవలసింది ఆ ఇద్దరే.

వరసలో నిలిచిన కార్లలో ఐదింటిది లేత నీలం రంగు, ముందు భాగం గుర్రపు లాడం ఆకారం. అవి అల్సాస్ ప్రాంతంలోని మోల్సైమ్ అనే చిన్న ఊరి నుంచి వచ్చాయి. వాటిని చేయించినవాడు ఎట్టోరె బుగాట్టి. పుట్టింది ఇటలీలోని మిలాన్‌లో. తండ్రి కార్లో కుర్చీలూ బల్లలూ చెక్కి యూరప్ అంతా పేరు తెచ్చుకున్నవాడు. తమ్ముడు రెంబ్రాంట్ జంతువుల విగ్రహాలు చేసిన శిల్పి. ఎట్టోరె మాత్రం ఇనుమునూ అల్యూమినియాన్నీ నమ్ముకున్నాడు. 1909లో మోల్సైమ్‌లో కార్ఖానా పెట్టాడు. లియోన్‌కు ఆయన ఒక్క కార్లతోనే రాలేదు. తన మనుషులందరికీ సరిపడా గుడారాలు, మంచాలు, స్నానాలకు ఏర్పాట్లు, అన్నీ వెంట తెచ్చుకుని మైదానంలో చిన్న ఊరే కట్టేశాడు. ఆ సరంజామా చూస్తేనే తెలుస్తుంది, ఈ పోటీ మీద ఆయన ఎంత పెట్టుకున్నాడో.

కారు పేరు టైప్ 35. ఎనిమిది సిలిండర్ల ఇంజను, రెండు లీటర్లకు కొంచెం తక్కువ. ఎంతో అందమైన కారు. కానీ అందరి చూపూ పోయింది కింద ఉన్న చక్రాల మీదికి.

అప్పట్లో పోటీ కార్లకు సన్నటి ఇనుప చువ్వల చక్రాలుండేవి. ఒక్కో చక్రానికి పదుల కొద్దీ చువ్వలు, ఒక్కో చువ్వనూ విడిగా బిగించాలి. ఒకటి వదులైతే పక్కవాటి మీద బరువు పడుతుంది, చివరికి చక్రమే వంకర పోతుంది. బుగాట్టి ఆ చువ్వల్ని మొత్తం తీసేశాడు. అల్యూమినియం కరిగించి, ఎనిమిది వెడల్పాటి బల్లపరుపు ఆకులతో చక్రం నడిమి భాగాన్ని పోత పోయించాడు. బ్రేకు డ్రమ్మును కూడా అదే పోతలో కలిపేశాడు. బయటి రిమ్ము మాత్రం విడి ముక్క. దాన్ని తెచ్చి నడిమి భాగానికి చుట్టూ వరసగా మరలతో బిగించాలి.

దీనివల్ల లాభాలు చాలా ఉన్నాయి. చక్రం తేలిక. బ్రేకు వేసినప్పుడు డ్రమ్ములో పుట్టే వేడి అదే లోహంలో ఉన్న ఆకుల్లోకి పాకి, గాలికి చల్లారిపోతుంది. టైరు మార్చడానికి చక్రం ఊడదీస్తే డ్రమ్ము కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. బ్రేకు ఎంత అరిగిందో మెకానిక్ ఒక్క చూపులో చూసుకోవచ్చు. అల్యూమినియంతో చక్రం చేయాలన్న ఆలోచన అంతకు ముందు ఎవరికీ రాలేదని కాదు. కానీ ఇంత నిండుగా ఆలోచించి, ఒక కారు మొత్తాన్ని దాని చుట్టూ కట్టి, అంత పెద్ద పోటీకి తెగించి తెచ్చినవాడు బుగాట్టి.

చక్రాన్ని విడి ముక్కలుగా చేసి ఒక్కటిగా బిగించడం నంద్యాల జిల్లాలోని వెలుగోడు వైపు వాళ్లకు చెప్పి తెలియజేయవలసిన సంగతి కాదు. మన ఎద్దులబండి గాను అచ్చంగా అదే పని. నడుమ ఇరుసు దూరే తుమ్మ మొద్దు. ఆ మొద్దులో దిగగొట్టిన ఆకులు. ఆకుల చివర్లను పట్టుకుని చుట్టూ వంపు చెక్కలు. వాటన్నిటి మీదా ఇనుప పట్టా. చెక్క పని వడ్రంగిది, ఇనుము పని కమ్మరిది. గాను తయారయ్యే రోజున ఇద్దరూ ఒకే చోట ఉండి తీరాలి.

పట్టా ఎక్కించడం చూసినవాళ్లు దాన్ని మరిచిపోరు. చెక్క చక్రం చుట్టుకొలత కంటే పట్టా చుట్టుకొలతను కావాలనే కొంచెం తక్కువ పెడతారు. చల్లగా ఉన్నప్పుడు అది ఎంత కొట్టినా ఎక్కదు. నేల మీద పట్టాను పరిచి, చుట్టూ పిడకలూ కట్టెలూ పేర్చి నిప్పు పెడతారు. ఇనుము ఎర్రబడి సాగుతుంది. నలుగురు పటకార్లతో ఎత్తి తెచ్చి చక్రం మీద దించుతారు. చెక్క భగ్గున అంటుకోబోతుంది. వెంటనే సమ్మెట దెబ్బలు, ఆ వెనకే కడవల కొద్దీ నీళ్లు. పొగా ఆవిరీ కమ్మేసి మనుషులు కనిపించరు. ఇనుము చల్లారి ముడుచుకునేకొద్దీ వంపు చెక్కలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, ఆకులు మొద్దులోకి ఇంకా దిగుతాయి, కీలు కీలూ కిటకిటమంటూ బిగుసుకుంటుంది. అక్కడ మేకు లేదు, మర లేదు. ఆ బిగువే గానును నిలబెడుతుంది.

నల్లరేగడి నేలలో, వానాకాలం బురదలో పత్తి మోసినా, జొన్న మోసినా, అహోబిలం తిరునాళ్లకు మనుషుల్ని మోసినా, ఆ గాను తట్టుకున్నది అందుకే. ఎండాకాలం చెక్క ఎండి కీళ్లు వదులైతే బండిని వాగులోకి దించి గాన్లు నానబెట్టేవాళ్లు. ఒక ఆకు విరిగితే ఆ ఆకే మార్చేవాళ్లు. వంపు చెక్క పుచ్చితే ఆ చెక్క వరకే. పట్టా అరిగితే కొత్త పట్టా. అలా మార్చుకుంటూ పోతే ఒక తరం గడిచేసరికి గానులో మొదటి ముక్క ఒక్కటీ మిగలకపోవచ్చు. అయినా అది తాత బండే. ఆ మాట అనడానికి ఇంట్లో ఎవరూ సందేహించేవాళ్లు కాదు. ఈ గాథలో నేను పట్టుకున్న దారం ఇదే. లియోన్ కార్ల సంగతిలో చివరికి తేలవలసిన తగువు కూడా ఇదే.

మళ్లీ ఆ ఆదివారానికి వద్దాం. బుగాట్టి తరఫున షసాన్, ఫ్రిడెరిక్, విజ్‌కాయా, కోస్టాంటీనీ, గార్నియే బరిలో ఉన్నారు. ఎదుట ఇంగ్లండ్ నుంచి సన్‌బీమ్, ఇటలీ నుంచి ఫియట్, ఆల్ఫా రోమియో, ఫ్రాన్సు నుంచే డెలాజ్. చాలావాటికి ఇంజనులోకి గాలిని బలవంతంగా నెట్టే సూపర్‌చార్జర్ ఉంది. బుగాట్టికి లేదు. తేలికదనం, పట్టు, బ్రేకు, ఈ మూడూ ఆయన ఆయుధాలు. మూడింటికీ మూలం ఆ చక్రమే.

పోటీ మొదలైన కాసేపటికే దెబ్బ తగిలింది. టైరు మీది రబ్బరు పొర పొరగా లేచి ఊడిపోవడం మొదలుపెట్టింది. కారు వంద కిలోమీటర్లు దాటిన వేగంలో ఉన్నప్పుడు టైరు మీది తొడుగు ఊడిందంటే అది ఊరికే రోడ్డు మీద పడిపోదు. చక్రంతో పాటు తిరుగుతూ కొరడా దెబ్బలు కొడుతుంది, దొరికినదానికి చుట్టుకుంటుంది. పక్కన కూర్చున్న మెకానిక్ చేతులు అడ్డం పెట్టుకోవడం తప్ప ఏం చేయగలడు? ఒక కారు తర్వాత ఒక కారు చక్రాలు మార్చుకోవడానికి ఆగింది. కొత్త టైరు ఎక్కించుకుని పోయిన కారే మళ్లీ వచ్చి ఆగింది. ఆగిన ప్రతిసారీ ముందున్నవాళ్లు ఇంకా ముందుకు పోయారు. విజ్‌కాయా ప్రమాదంలో చిక్కి బయటికి పోయాడు. కోస్టాంటీనీ కూడా మధ్యలోనే విరమించాడు.

ముందు వరసలో ఇంకో నాటకం నడుస్తోంది. ఆల్ఫా రోమియో మీద అస్కారి గెలుపు అంచుకు వచ్చి, చివరి చుట్లలో ఇంజను మొరాయించి నిలిచిపోయాడు. అదే కంపెనీ కారులో ఉన్న జుసెప్పె కంపారి గెలిచాడు. ఏడు గంటల అయిదు నిమిషాలు పట్టింది ఆయనకు. డెలాజ్ మీద అల్బేర్ దీవో రెండో స్థానం, రొబేర్ బెన్వా మూడో స్థానం. నీలం బుగాట్టిల్లో చివరిదాకా నిలిచి లెక్కకు వచ్చినవి రెండే. షసాన్ ఏడు, ఫ్రిడెరిక్ ఎనిమిది.

కొత్త చక్రంతో వచ్చి, చక్రాల దగ్గరే ఓడిపోయినవాణ్ని లోకం ఏమనుకుంటుంది? చక్రమే చెడ్డదనుకుంటుంది. తప్పు చక్రానిది కాదని, టైర్ల రబ్బరు సరిగా పదును కాలేదని మామూలు చూపరికి ఎలా తెలుస్తుంది? పచ్చి రబ్బరును గంధకంతో కలిపి వేడి చేస్తేనే గట్టిపడుతుంది. దాన్నే వల్కనైజింగ్ అంటారు. ఆ వేడి చాలకపోతే పైపొర లోపలి గుడ్డ పొరను పట్టుకోదు. మన పంక్చరు షాపులో అతికించిన ముక్క సరిగా ఉడక్కపోతే నాలుగు రోజులకే లేచి వచ్చేది ఇందువల్లనే.

బుగాట్టి ఊరుకోలేదు. పోటీ అయ్యాక తన కార్లు కొనేవాళ్లకు ఉత్తరం రాశాడు. లోపం టైర్లలో ఉందని, కారులో గానీ చక్రంలో గానీ లేదని వివరించాడు. ఓడినవాడు రాసే సంజాయిషీ ఉత్తరాలను ఎవరు నమ్ముతారు? నమ్మించడానికి ఒకటే దారి. ఆయన ఆ పోత చక్రాన్ని వదల్లేదు. పాత చువ్వలకు వెనక్కి పోలేదు. ఈ గాథ మొత్తంలో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించేది ఆ నిర్ణయమే.

మరుసటి ఏడాది 1925లో సిసిలీ ద్వీపంలో టార్గా ఫ్లోరియో జరిగింది. ఒక్క చుట్టు 108 కిలోమీటర్లు, అంతా కొండ దారి. మలుపు మలుపుకీ బ్రేకు, మలుపు మలుపుకీ చక్రం మీద పక్కవాటు ఒత్తిడి. చక్రాన్ని పరీక్షించాలంటే అంతకు మించిన చోటు లేదు. లియోన్‌లో మధ్యలో ఆగిపోయిన కోస్టాంటీనీయే అక్కడ అదే టైప్ 35 మీద గెలిచాడు. 1926లో మళ్లీ ఆయనే. 1927లో మతెరాస్సీ. 1928లోనూ 1929లోనూ దీవో, అదే లియోన్‌లో డెలాజ్ మీద రెండో స్థానం పొందిన దీవో, ఈసారి బుగాట్టి మీద! వరసగా అయిదేళ్లు ఆ కొండ దారిని ఆ ఎనిమిది ఆకుల చక్రాలే ఏలాయి. 1929లో మొదటి మొనాకో గ్రాండ్ ప్రీని కూడా టైప్ 35 తరగతి కారు మీద విలియమ్ గ్రోవర్-విలియమ్స్ గెలుచుకున్నాడు.

   

టైప్ 35 కార్లు అన్ని రకాలూ కలిపి వందల కొద్దీ తయారయ్యాయి. ఎట్టోరె 1947లో పోయాడు. ఆయన వారసుడు కావలసిన కొడుకు జాన్ అంతకు ముందే, 1939లో, కారు నడిపి చూస్తుండగా ప్రమాదంలో చనిపోయాడు. కార్ఖానా పాత వైభవం అక్కడితో ముగిసింది. కార్లు మాత్రం మిగిలాయి. అద్దాల గదుల్లో నిలబెట్టినవి కొన్ని. ఇప్పటికీ కొండ దారుల మీద పరుగెత్తేవి కొన్ని. ఇంగ్లండ్‌లో ప్రెస్కాట్ కొండ మీద బుగాట్టి యజమానుల సంఘం 1938 నుంచి పోటీలు నడుపుతోంది.

అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. ఉక్కుకు ఒక గుణం ఉంది. దాని మీద పడే ఒత్తిడి ఒక హద్దు లోపల ఉంటే ఎన్ని లక్షల సార్లు ఊగినా అలసిపోదు. అల్యూమినియానికి ఆ హద్దు లేదు. ఒత్తిడి చిన్నదైనా పెద్దదైనా ప్రతి తిరుగుడూ దాని ఆయువులోంచి కొంత తినేస్తుంది. వందేళ్ల కిందట పోసిన పోత ఎన్ని కోట్ల సార్లు తిరిగి ఉంటుంది? ఆకు మొదట్లో, మర బిగించిన రంధ్రం పక్కన, కంటికి కనిపించని బీటలు పుడతాయి.

వాటిని పట్టుకునే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. చక్రాన్ని శుభ్రంగా కడిగి ఆరబెట్టి, ఎర్రటి పలచని రంగు ద్రవం పూస్తారు. కాసేపు అలా వదిలేస్తే, ఎంత సన్నటి బీటలోకైనా ఆ ద్రవం దూరుతుంది. పైరంగును గుడ్డతో తుడిచేస్తారు. ఇప్పుడు చక్రం నున్నగా మెరుస్తూ ఏ లోపమూ లేనట్టు కనిపిస్తుంది. దాని మీద తెల్లటి పొడి చల్లుతారు. బీటలో దాక్కున్న ఎర్రరంగును ఆ పొడి పీల్చుకుని పైకి లాగుతుంది. తెల్లటి పూత మీద వెంట్రుక వాసి ఎర్రగీత తేలుతుంది. అది కనిపించిందంటే ఆ చక్రం ఇక రోడ్డు మీదికి రాకూడదు.

అప్పుడు కొత్తది చేయించాలి. అంగట్లో దొరికే సరుకు కాదు కదా! పాత చక్రాన్ని అంగుళం అంగుళం కొలిచి నమూనా చేసి, ఇసుక అచ్చులో ఇప్పటి మంచి అల్యూమినియం మిశ్రమంతో పోత పోస్తారు. గట్టిపడడానికి వేడి చేసి, చల్లార్చి, మళ్లీ పదును పెడతారు. లేత్ మిషన్ మీద తరిచి, మరల రంధ్రాలు తొలిచి, రిమ్ము బిగించి, బ్యాలెన్సు చూస్తారు. ఇంగ్లండ్‌లో ఈ పని తెలిసిన కార్ఖానాలున్నాయి. అర్జెంటీనాలోని పరానా అనే ఊళ్లో అయితే టైప్ 35 కారునే మొదటి మర నుంచి చివరి మర దాకా కొత్తగా కడుతున్నారు.

విడి ముక్కల చక్రం కథ బుగాట్టితో ఆగలేదు. మోల్సైమ్ నుంచి తూర్పుకు రైన్ నది దాటితే జర్మనీ బ్లాక్ ఫారెస్ట్ కొండలు. ఆ కొండల్లో షిల్టాక్ అనే చిన్న ఊరు. 1970లో హైన్రిక్ బౌమ్‌గార్ట్‌నర్, క్లౌస్ బ్రాండ్ అనే ఇద్దరు అక్కడ ఒక కంపెనీ పెట్టారు. తమ ఇంటిపేర్ల మొదటి అక్షరాలు, ఊరి పేరు మొదటి అక్షరం కలిపి దానికి బీబీఎస్ అని పేరు పెట్టుకున్నారు. రెండేళ్లకు మూడు ముక్కల పోటీ చక్రం తెచ్చారు. ఆకులున్న నడిమి బిళ్ల ఒకటి, బయటి అంచు ఒకటి, లోపలి గిన్నె ఒకటి. మూడింటినీ చుట్టూ బోల్టులతో బిగించి, గాలి పోకుండా సందులో సీలెంటు పూస్తారు. ప్రమాదంలో బయటి అంచు నొక్కుకుపోతే అదొక్కటే మార్చుకోవచ్చు. వెడల్పాటి టైరు కావాలంటే నడిమి బిళ్ల అదే, గిన్నె మాత్రం లోతైనది. వంపు చెక్క మార్చిన మన వడ్రంగికి ఇందులో విడమరచి చెప్పవలసింది ఏమీ ఉండదు.

పాత స్పోర్ట్స్ కార్లకు ఇది పెద్ద ఆసరా అయింది. 1970ల చివరి నుంచి కొన్ని యూరప్ కార్లకు టీఆర్‌ఎక్స్ అనే ప్రత్యేక టైర్లు, వాటికి తగిన 390 మిల్లీమీటర్ల చక్రాలు వచ్చాయి. లోకంలో మిగతా చక్రాలు దాదాపు అన్నీ అంగుళాల లెక్కలో ఉంటే ఇవి మాత్రం మిల్లీమీటర్ల లెక్కలో. 15 అంగుళాల టైరు వీటికి చాలదు, 16 అంగుళాలది నిలవదు. ఆ టైర్ల తయారీ తగ్గిపోయేసరికి వాటి ధర కొండెక్కింది. కారు నిక్షేపంగా ఉన్నా చక్రం వల్ల మూలన పడే గతి వచ్చింది. కొందరు యజమానులు పాత చక్రం రూపు పోకుండా మామూలు అంగుళాల కొలతలో మూడు ముక్కల చక్రాలు చేయించుకుని కార్లను మళ్లీ రోడ్డెక్కించారు.

చేయించేటప్పుడు కొలతలు తప్పకూడదు. బోల్టుల వలయం ఎంత? పాత పోర్షా 911కు అయిదు బోల్టులు, 130 మిల్లీమీటర్ల వలయం. చాలా బీఎండబ్ల్యూలకు 120. బిగించే తలం చక్రం నడిగీత నుంచి ఎంత లోపలికి, ఎంత బయటికి? దాన్నే ఆఫ్‌సెట్ అంటారు. అది తప్పితే టైరు మడ్‌గార్డును రాసుకుంటుంది, స్టీరింగు బరువెక్కుతుంది, బేరింగులు అరిగిపోతాయి. నడిమి రంధ్రం హబ్బు మీద ఆట లేకుండా కూర్చోవాలి. అక్కడ సందు ఉన్నా ఒకటే, ఇరుసు సీల వదులైన బండి అయినా ఒకటే. చక్రం బిగించి కొంత దూరం నడిపాక మళ్లీ టార్క్ రెంచితో బోల్టులన్నీ సరిచూడాలి. ఇది చేయనివాళ్లు ఈ చక్రాల జోలికి పోకపోవడమే మేలు.

ఇక ఆ తగువు. పాత కార్ల లోకంలో కొందరు ఒక మాట గట్టిగా అంటారు: కొత్త చక్రం పెడితే అది అసలు కారు కాదు, దాని విలువ పోయింది. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. 1924లో పోసిన పోతను చేత్తో తాకడంలో ఉన్న సంగతి వేరు. అందుకే చాలామంది యజమానులు అసలు చక్రాలను భద్రంగా దాచి, కొత్త చక్రాల మీద కారు నడుపుతారు. వాళ్లది సరైన పని అని నా గట్టి అభిప్రాయం. బుగాట్టి ఆ చక్రాన్ని గదిలో పెట్టి చూసుకోవడానికి చేయలేదు. బరువు మోయడానికి, బ్రేకు వేడి తట్టుకోవడానికి, మలుపులో విరగకుండా ఉండడానికి చేశాడు. రిమ్ము విడి ముక్క కాబట్టి మార్చుకోవడానికీ వీలుంది. ఎర్రగీత తేలిన చక్రం మీద కారును పరుగెత్తిస్తే నడిపేవాడి ప్రాణం పోతుంది, చూసేవాడి ప్రాణం పోతుంది, కారూ పోతుంది. కొత్త పోత మీద నడిపితే ప్రెస్కాట్ మలుపుల్లో ఆ కారును ఇంకో తరం కూడా చూస్తుంది.